కోత తెలుస్తోందంటే నమ్మరా?

"నొప్పి కాదమ్మా, లాగినట్టు ఉంటుందంతే. ఓర్చుకో." నా రెండో కాన్పులో, పెద్దాపరేషను బల్ల మీద, కోత తెలుస్తోందని అరిచినప్పుడు నాకు వచ్చిన జవాబు ఇది. లాగడానికీ కోయడానికీ తేడా నాకు తెలియదా? ఇంటికొచ్చాక ఎవరితో చెప్పినా "బిడ్డ బాగుందిగా!" అన్నారు. ఊరూరా తిరిగి హక్కుల గురించి మాట్లాడే నేను కూడా నోరు మూసుకున్నాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని ఈమధ్యే చదివి తెలుసుకున్నాను. సిజేరియన్ కోసం వెన్నులో ఇచ్చే మత్తు మీద జరిగిన అనేక పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2022లో 'అనెస్తీషియా' అనే వైద్య పత్రికలో వచ్చింది. నూటికి సుమారు 15 మందికి ఆ మత్తు చాలక మళ్ళీ మందు ఇవ్వాల్సి వచ్చింది. అదీ తొందరేమీ లేకుండా, ముందే రోజు నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్లలో!

అదే ఏడు బ్రిటన్‌లోని ప్రసూతి మత్తు వైద్యుల సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది. కత్తి పెట్టకముందే ఒంటిని మెల్లగా తాకుతూ, రొమ్ముల దగ్గరిదాకా స్పర్శ పోయిందో లేదో చూడాలి. మధ్యలో నొప్పి అంటే ఆ మాట నమ్మాలి. వీలైతే కోత ఆపి ఇంకా మందు ఇవ్వాలి, పూర్తి మత్తు కావాలేమో అడగాలి. ఇందులో కొత్త యంత్రమేమైనా ఉందా?

వెన్నులో సూదే వద్దని నేననడం లేదు. మామూలుగా తల్లికి పూర్తి మత్తు కన్నా అదే క్షేమం. మత్తు డాక్టర్ల కొరత ఉందంటారు, నిజమే. కొరత వల్ల పరీక్ష హడావిడిగా జరగొచ్చు గానీ, నొప్పి అన్న మనిషిని కసరడానికి కొరత కారణం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కి పైగా కాన్పులు సిజేరియన్లే. అనవసరపు కోతల మీద మనం పోరాడుతూనే ఉన్నాం. కానీ ఆ బల్ల మీద ఆమెకేం జరిగిందని ఎన్నడైనా అడిగామా? నేను తయారుచేసిన సర్వే ఫారంలోనే ఆ ప్రశ్న లేదు.

ఇప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాను. కోసేటప్పుడు నొప్పి తెలిసిందా? చెప్తే ఏమన్నారు? మీ ఫారాల్లోనూ చేర్చండి. రెండో ప్రశ్న దగ్గర తొందరపడకండి, కాస్త ఎక్కువసేపు కూర్చోండి.