వీరుల పేరులు – శాసనసభ్యుల విధి

మృతులకు జీవించియున్నవారు చేయగలిగిన ఉపకారము మిక్కిలి స్వల్పము. వారిని మరలఁ దేజాలము. వారి బిడ్డలకు తండ్రిని ఇయ్యజాలము. వారి పేరును మరువకుండుట యొక్కటియే మన చేతిలో నున్నది. దేశరక్షణమున ప్రాణము లర్పించిన తెలుగు సైనికుల విషయమున ఈ స్వల్పధర్మమునైనను మనము పూర్తిగా నిర్వర్తించుచున్నామా? ఈ ప్రశ్నను ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభ్యుల ముందుంచుచున్నాము.

స్వాతంత్ర్యానంతరము అసువులు బాసిన సైనికులకు ఒక జాతీయ స్మారకము కావలయునను ప్రతిపాదన 1960లోనే బయలుదేరినది. అది 2019 ఫిబ్రవరి 25వ తేదీన గాని ఢిల్లీలో కార్యరూపము దాల్చలేదు. నాఁడు అచటి శిలలపై 25,942 మంది పేరులు స్వర్ణాక్షరములతో చెక్కఁబడియుండెను. జాతి ఆలస్యముగానైనను తన ఋణమును గుర్తించినందుకు సంతసింపవలసినదే. కాని శ్రీకాకుళపు పల్లెలోని ముసలితల్లి, ఆదిలాబాదు అడవి గ్రామమందలి వితంతువు ఢిల్లీకిఁ బోయి, వేలకొలఁది పేరులలో తనవాని పేరు వెదకుకొనుట యెట్లు? ఆ పేరు వారి జిల్లాలోనే, వారు చదువుకొనగల లిపిలోనే, వారి చేతి కందునంత యెత్తులోనే యుండవలదా?

పేరు పోయినచో నేమగునో చరిత్రయే చెప్పుచున్నది. మొదటి ప్రపంచయుద్ధమున మెసొపొటేమియా రంగమందు సమాధియైనను దొరకక పోయిన 40 వేలకు పైగా సైనికుల స్మృత్యర్థము బస్రాలో ఒక కట్టడము నిర్మింపఁబడెను. అందు ఆంగ్ల సైనికుల పేరులు చెక్కిరి. సామాన్య భారతీయ సిపాయిల విషయమున, ఫలానా దళమున ఇంతమంది యని సంఖ్యలు మాత్రమే వ్రాసిరి. యుద్ధసమాధుల సంస్థయే నియమించిన సంఘము 2021లో ఈ అసమానతను ఒప్పుకొనెను. పరప్రభుత్వము మనవారిని అంకెలుగాఁ జూచినదని నిందించు మనము, స్వరాజ్యమున వారిని అంకెలుగానే మిగిల్చినచో ఆ నింద యెవరిని తగులును?

ఇది మనకుఁ గ్రొత్త ఆచారమును కాదు. పల్నాటి యుద్ధమున కూలిన వీరులకు కారెంపూడిలో నేఁటికిని కార్తికమాసమున ఉత్సవము జరుగుచున్నది. రాయలసీమలోను, తెలంగాణమునను, చెరువుగట్లపైనను, గ్రామ పొలిమేరలయందును వీరగల్లులు నిలిచియున్నవి. ఆవులమందను కాపాడుటకై మడిసినవానికిని, ఊరిని కాపాడుటకై మడిసినవానికిని ఆనాఁటి పల్లె ఒక రాతిని నిలిపెను. దరిద్రమైన పల్లె చేసిన పనిని సంపన్నమైన ప్రభుత్వములు చేయలేవా?

2020 జూన్ 15న గల్వాన్ లోయలో ఇరువదిమంది సైనికులు నేలకొరగిరి. వారికి నాయకుఁడైన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాఁడు. ఆయనకు మహావీరచక్ర లభించినది. సూర్యాపేటలో విగ్రహము వెలసినది. అది ఉచితమే. 2025 మే మాసమున శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలపు యువకుఁడు మురళీనాయక్ సరిహద్దున మరణించినపుడు రాష్ట్రమంతయు కన్నీరు విడిచెను. అదియు ఉచితమే. కాని పత్రికలు ప్రకటింపని మరణములు, విగ్రహములు లేని మరణములు ఎన్ని లేవు? పశ్చిమగోదావరిలోని మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. అచట తరతరములుగా సైన్యమునకుఁ బోవుట కులవృత్తివలె నున్నది. అట్టి ఊళ్లనుండి వెడలి తిరిగిరానివారి పేరులు వారి బంధువుల నోళ్ళలో మాత్రమే యున్నచో, ఆ నోళ్ళు మూఁతపడిన నాఁడు అవియు మాయమగును.

కావున మేము కోరునది ఇది. ఆంధ్రప్రదేశ శాసనసభలో 175 మంది, తెలంగాణ శాసనసభలో 119 మంది సభ్యులున్నారు. ఏ పక్షమువాఁడైనను ఒక సభ్యుఁడు అనధికార తీర్మానమును తేవచ్చును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములచేతను, కుటుంబములచేతను పట్టికలు సిద్ధపఱచి, ప్రతి జిల్లా కేంద్రమునందును ఆ జిల్లా వీరుల పేరులు తెలుగు లిపిలో చెక్కించవలయును. కర్నలు పేరును సిపాయి పేరును ఒకే ప్రమాణపు అక్షరములలో నుండవలయును. సాయుధదళముల పతాకదినమైన డిసెంబరు 7వ తేదీన ఏటేట ఆ పేరులను సభాముఖమునఁ జదువవలయును. ఇంకొక్కమాట: ఆ శిలపై ఆవిష్కరించిన మంత్రుల పేరు లుండరాదు. దాతకంటె పందిరి వేసినవాని పేరే పెద్దదిగా నుండుట మన ఊళ్లలో నిత్యము చూచుచున్న వింతయే.

దీనికి కొన్ని ఆక్షేపణలు గలవు. రాళ్ళకంటె భృతి ముఖ్యమందురు. నిజమే; కుటుంబములకు భూమి, భృతి, బిడ్డలకు చదువు ముందు. కాని భృతి కడుపునకు, పేరు మనసునకు. ఒకటి యిచ్చి రెండవదానిని ఎగవేయుట న్యాయము కాదు. యుద్ధమును కీర్తించుట తగదందురు. పేరుల పట్టిక యుద్ధమును కీర్తింపదు. దాని వెలను లెక్కించి చూపును. యుద్ధమునకై సులభముగా కేకలు వేయువారు ముందుగా చదువవలసినది అదియే. 1947కు పూర్వము మరణించినవారు సామ్రాజ్యమునకై పోరిరి గదా యందురు. ఆ యుద్ధములను వారు కోరలేదు; పేదరైతు బిడ్డలు జీతమునకై పోయిరి, మాటకై నిలిచిరి. ప్రభువు చేసిన తప్పునకు బంటు పేరును చెరపుట ధర్మము కాదు.

చదువరులారా, గ్రంథాలయములలో ఈ పుటను చదివి మడిచివేయక, మీ శాసనసభ్యునకు ఒక విన్నపము వ్రాయుఁడు. మీ ఊరి మృతవీరుని పేరు, దళము, మరణించిన సంవత్సరము అందు చేర్చుఁడు. వోటు కోరి మీ గుమ్మమునకు వచ్చినవానిని ఒక పేరు కోరి అడుగుటకు మీకు హక్కు గలదు. రానున్న సమావేశములలో ఈ తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గుఁగాక!