బాయ్‌కాట్ ఎవరి ఆయుధం?
బాయ్‌కాట్ ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో, కౌలు తగ్గించమన్న రైతుల్ని భూస్వామి ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ భూముల నుంచి వెళ్లగొట్టబోయాడు. రైతులు కర్ర ఎత్తలేదు. పాలేర్లు పని మానేశారు, దుకాణాల్లో ఆయనకు సరుకు పుట్టలేదు, ఊళ్లో పలకరించే దిక్కు లేకపోయింది. చివరికి బయటినుంచి మనుషుల్ని రప్పించి, వందలమంది సైనికుల కాపలాలో పంట తీయించుకున్నాడు. ఆ ఏడాదే ఆ పేరు పత్రికల్లో క్రియాపదమైంది. లేనివాడు ఉన్నవాడి మీద ఎత్తిన ఆయుధమది. మన ఊళ్లలో దళితవాడకు పాలు, కూలిపని, కిరాణా సరుకు ఆపేయడాన్నీ అదే పేరుతో పిలవడం నాకు మింగుడుపడదు. అది వెలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం శిక్షార్హమైన నేరం.