పండుగ పూట ఈ దిగులేమిటి, డాక్టరుగారూ?

సంక్రాంతి ముందు వచ్చే ఉత్తరాలలో చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు అరిసె తినవచ్చా, బి.పి. ఉన్నవాళ్ళు ఆవకాయ వేసుకోవచ్చా, పిల్లవాడు చెరుకు నమిలి దగ్గు తెచ్చుకున్నాడు, ఏం చేయమంటారు? వీటికి జవాబులు ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాను. ఈసారి వచ్చిన ఒక ఉత్తరం మాత్రం రెండు రోజులు నా బల్లమీదే ఉండిపోయింది. రాసినావిడకు నలభై రెండేళ్ళు. పేరు, ఊరు అచ్చువేయవద్దన్నారు. ఆమె రాసింది క్లుప్తంగా ఇది:

"మాకు సొంత ఇల్లుంది. మా వారు మంచివారు. పిల్లలు బాగా చదువుకుంటున్నారు. కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే దీపం. మా అమ్మకు ఇందులో సగం సుఖం కూడా లేదు. అయినా పండుగ వస్తోందంటే నాకు గుండెల్లో బరువుగా ఉంటుంది. చుట్టాలందరూ నవ్వుతూ ఉంటే నేను వంటింట్లో తలుపు చాటున కళ్ళు తుడుచుకుంటాను. మా అత్తగారు 'నీకేం తక్కువైంది? ఉన్నదానికి సంతోషించడం నేర్చుకో' అంటారు. నిజమేగదా, నాకేం తక్కువ? ఇంత ఉండీ సంతోషించలేకపోవడం జబ్బా, పొగరా?"

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఇది పొగరు కాదు. జబ్బు అవునా, కాదా అన్నది కొంచెం ఓపికగా చూద్దాం. ఈ ఉత్తరం మీరొక్కరే రాసినా, మీలాంటివారు చాలా ఇళ్ళలో ఉన్నారు. అందుకని జవాబు అందరికీ చెబుతున్నాను.

సుఖం ఎందుకు కనిపించదు?

మన నరాలకు ఒక అలవాటుంది. ఏది కొత్తగా తగిలితే దాన్ని గట్టిగా చెబుతాయి. అదే అలాగే ఉండిపోతే చెప్పడం మానేస్తాయి. అగరువత్తి వెలిగించగానే గదంతా వాసన. పది నిమిషాల తరువాత మీకు తెలియదు. బయటినుంచి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. వేలి ఉంగరం, ముక్కుమీది కళ్ళద్దాలు, చేతి గాజులు, ఇవన్నీ ఒంటిమీదే ఉన్నా మన ధ్యాసలో ఉండవు. ఇది నరాల లోపం కాదు, వాటి తెలివి. ప్రతిదాన్నీ ప్రతిక్షణం చెబుతూ ఉంటే మనిషి ఏ పనీ చేయలేడు.

సుఖాల సంగతీ అంతే. ముక్కు దిబ్బడ వేసిన రాత్రి తెలుస్తుంది, ముందురోజు వరకు ఎంత హాయిగా ఊపిరి తీశామో. ఆపరేషను తరువాత గొట్టం తీసేసి, తనంత తానుగా మూత్రం పోసిన ముసలాయన ముఖంలోని వెలుగు నేను ఎన్నోసార్లు చూశాను. పక్షవాతం నుంచి కోలుకుంటూ మొదటిసారి గ్లాసు తన చేత్తో పట్టుకుని నీళ్ళు తాగినావిడ వార్డంతా పిలిచి చూపించింది. మనం రోజూ చేసే పనే అది.

కాబట్టి ఉన్న సుఖం తెలియకపోవడం పాపం కాదు, శరీర ధర్మం. "సంతోషించు" అని గద్దిస్తే కలిగేది కాదు. గద్దింపు వల్ల దిగులుకు తోడు తప్పు చేశానన్న బాధ కూడా చేరుతుంది. ఇంటి పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన ఇంట్లోని మూడు వరాలు

అయితే కావాలని ధ్యాస పెడితే కనిపించనిది కనిపిస్తుంది. మీ వంటింట్లోనే చూడండి.

మొదటిది కుళాయి. ఒకప్పుడు దిగుడు బావుల్లో మెట్లు దిగి కాళ్ళు నీళ్ళలో పెట్టి బిందెలు ముంచేవారు. ఆ నీళ్ళతో నారికురుపు వచ్చేది. కాలి మీద బొబ్బ లేచి, చితికి, అందులోంచి దారంలాంటి పురుగు రోజుల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది. పుల్లకు చుట్టి లాగేవారు. తెగితే కాలు వాచి చీము పట్టేది. తెలుగు ప్రాంతాల్లోనూ ఎందరో ఈ బాధ పడ్డారు. బోరింగులు, కుళాయిలు వచ్చాక, నీళ్ళు వడగట్టుకోవడం నేర్చుకున్నాక అది పోయింది. మన దేశంలో చివరి కేసు 1996లో కనిపించింది. 2000లో దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దానికి టీకా లేదు, మందూ లేదు. మంచినీరే మందు.

రెండవది గ్యాసు పొయ్యి. కట్టెల పొయ్యి ముందు అరిసెలు వత్తుతూ మూడు గంటలు కూర్చున్న మన అమ్మలు పీల్చిన పొగ తక్కువ కాదు. బీడీ ముట్టని ఆడవాళ్ళు ఊపిరితిత్తుల జబ్బుతో, విడవని దగ్గుతో ఆసుపత్రికి వస్తే మేము మొదట అడిగేది పొయ్యి గురించే. ఇప్పటికీ కట్టెల పొయ్యి మీద వండే ఇళ్ళున్నాయి. అక్కడ తలుపులు, కిటికీలు తెరిచి వండాలి. పసిపిల్లను వీపున కట్టుకుని గాని, ఒడిలో పెట్టుకుని గాని పొయ్యి దగ్గర కూర్చోకూడదు.

మూడవది, గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్ర. అందులో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా పరిశోధకులకు నాయకుడు మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంటే సరిగ్గా సంక్రాంతి ముంగిట. బోదకాలు జబ్బుకు ఇచ్చే డి.ఇ.సి. మందు వెలువడింది కూడా ఆయన నడిపిన పరిశోధనశాలనుంచే. 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. ఆ మాత్ర మింగే కోట్లమందిలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరు?

ఈ మూడింటిలోనూ ఒక సంగతి ఉంది. ప్రతి సుఖం వెనకా ఒక మనిషి చెయ్యి ఉంది. వస్తువును తలచుకుని సంతోషించడం కొంచెం కష్టం. దాని వెనక ఉన్న చేతిని తలచుకోవడం సులభం. మరి మీ ఇంట్లో అందరి పండుగ వెనకా ఉన్న చెయ్యి ఎవరిది?

కనుమ ఏం చెబుతోంది?

మన పెద్దలు పండుగ మూడో రోజును పశువులకు కేటాయించారు. ఏడాది పొడుగునా దున్నిన ఎద్దును కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఆ రోజు కాడి కట్టకుండా విశ్రాంతి ఇస్తారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇంత చక్కని సంప్రదాయం మనది. కాని చూడండి, ఎద్దుకు సెలవు దొరికింది, కాకికి దొరికింది. గారెల పిండి రుబ్బే ఇల్లాలికి మాత్రం దొరకలేదు. భోగి తెల్లవారుజామున లేచినావిడ కనుమ రాత్రి గిన్నెలు తోమేవరకు నడుం వాల్చదు. అందరూ తిన్నాక చల్లారిన అన్నం తింటుంది. అది కూడా నిలబడి.

అమ్మా, మీ ఉత్తరంలో మీరు కుళాయి గురించి రాశారు, ఇల్లు గురించి రాశారు. మీరెన్ని గంటలు నిద్రపోతున్నారో, ఎన్ని గంటలకు భోజనం చేస్తున్నారో రాయలేదు. డాక్టరుగా నాకు ముందు కావలసింది అవే.

ఒంట్లో నెత్తురు ఉందా?

దిగులంతా మనసుదే అనుకోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెత్తురు తక్కువైతే నీరసం, ఆయాసం, తలనొప్పి, గుండెదడ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అన్నీ వస్తాయి. థైరాయిడ్ గ్రంథి మందగించినా ఇంతే. కనుక హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, ఈ మూడు పరీక్షలు చేయించుకోండి. గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. నెలసరి అధికంగా పోతూ ఉంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి. ఆకుకూరలు, పప్పులు, తినేవాళ్ళైతే మాంసం, వీటితోపాటు నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే టీ తాగకండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పండుగ నాలుగు రోజులకు నియమాలు

1. బి.పి., చక్కెర మాత్రలు పండుగ హడావుడిలో మానకండి. ఊరికి వెళ్ళేటప్పుడు బట్టలకన్నా ముందు మాత్రలు సర్దుకోండి.

2. చక్కెర జబ్బు ఉన్నవారికి బెల్లం మంచిదనుకోవడం పొరపాటు. బెల్లమూ చక్కెరలాగానే రక్తంలో షుగరును పెంచుతుంది. అరిసె నోరూరిస్తే భోజనం తరువాత సగం ముక్క తిని, ఆ పూట అన్నం తగ్గించండి.

3. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పొగకు దూరంగా ఉండండి. మంట దగ్గర నూలు బట్టలే కట్టుకోండి. పైట, చున్నీ బిగించి దోపుకోండి.

4. నూనె చింది కాలితే, గాజులూ ఉంగరాలూ తీసేసి, కుళాయి కింద చల్లని నీటి ధారలో ఇరవై నిమిషాలు పెట్టండి. సిరా, టూత్‌పేస్టు, ఐసుగడ్డ వద్దు. బొబ్బలు చిదపకండి. పెద్ద గాయమైతే శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి.

5. పనులు పంచుకోండి. పిండి జల్లించడం, కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం మగవాళ్ళకు రాని విద్యలేమీ కావు.

రాత్రి పూట మూడు మాటలు

నిద్రపోయేముందు ఒక చిన్న పుస్తకంలో ఆ రోజు మీకు హాయినిచ్చిన మూడు సంగతులు రాయండి. పెద్దవి అక్కరలేదు. "ఉదయం ఎండలో కూర్చుని కాఫీ తాగాను. పాప తల దువ్వించుకుంటూ కబుర్లు చెప్పింది. పక్కింటావిడ కరివేపాకు తెచ్చిచ్చింది." ఇంతే. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. అందులో నరాల, కండరాల జబ్బులున్నవారు కొందరు 21 రోజులపాటు రోజూ ఇలా రాశారు. రాయనివారికన్నా వారి మనసు తేలికపడిందని, నిద్ర మెరుగైందని వారే చెప్పారు.

కాని ఇది మందు కాదు. తరువాత జరిగిన పరిశీలనల్లో దిగులు, ఆందోళన జబ్బుల మీద దీని ప్రభావం స్వల్పమేనని తేలింది. మంచి అలవాటుగా చేసుకోండి. రాయలేకపోతే బాధపడకండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు?

రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా, మనసు బరువుగా ఉంటే. ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇష్టం కాకపోతే. నిద్ర, ఆకలి బాగా తగ్గినా, పెరిగినా. "నేను ఎందుకూ పనికిరాను" అనిపిస్తూ ఉంటే, అది డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. టైఫాయిడ్ ఎలాంటి జబ్బో అదీ అలాంటి జబ్బే. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి, నయమవుతుంది. సాధారణంగా ఈ మందులు గుణమివ్వడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మీ అంతట మీరు మానకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను సేవ ఉంది. నంబరు 14416. ఏ వేళైనా చేయవచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోతే బాగుండుననే ఆలోచన వస్తే మాత్రం పండుగ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆసుపత్రికి రండి. మాకు పండుగ పూట కూడా డ్యూటీ ఉంటుంది.

ఇక అమ్మా, మీకు నేను రాసే చీటీ ఇది. సోమవారం ఉదయం రక్తపరీక్షలు. రాత్రి ఏడు గంటల నిద్ర. రెండు వారాలు చూసి తగ్గకపోతే డాక్టరును కలవడం. కనుమ నాడు మాత్రం ప్రత్యేకమైన మందు ఒకటి. ఈ పేజీ చింపి మీవారి చేతికివ్వండి. ఆ రోజు మొదటి విస్తరి మీకు వేయాలి. మొదటి వేడి గారె మీరు తినాలి. వడ్డించేది వాళ్ళు.

అత్తగారికి కూడా నా మనవి. "ఉన్నదానికి సంతోషించు" అన్న మాట ఈసారికి పక్కన పెట్టి, "నువ్వు తిన్నావా, అమ్మా?" అని అడగండి. ఆవిడ చిన్నతనంలో ఈ మాట ఆవిడను ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. అందుకని ఆ విస్తరి పక్కన ఇంకో విస్తరి కూడా వేయించి, ఇద్దరూ కలిసి కూర్చోండి.