చెయ్యి వణికితే స్కానేనా?

ఇంట్లో తాతకో నాయనమ్మకో చెయ్యి వణికితే ముసలితనమని వదిలేస్తాం, లేదా అప్పు చేసి స్కానింగుకు పరుగెడతాం. రెండూ తప్పేనని నా అభిప్రాయం.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని గమనించి ఈ జబ్బును వర్ణించాడు. వారిలో ఇద్దరు వీధిలో కనిపించినవారే! 2011లో అమెరికా అనుమతించిన డాట్‌స్కాన్ మెదడులో డోపమిన్ నాడుల క్షీణతను చూపుతుంది. ఆరోగ్యవంతుల్లో రెండు కామాల్లా వెలిగే భాగం, జబ్బు వస్తే ఫుల్‌స్టాపుల్లా కుదించుకుపోతుంది. (తెలుగు మాస్టారు గమనించగలరు.) గొప్ప విషయమే. కానీ పార్కిన్సన్స్‌ను పోలిన కొన్ని జబ్బుల్లోనూ అదే బొమ్మ వస్తుంది. అందుకే ముందు నరాల డాక్టరు చేతులనూ నడకనూ పరీక్షించాలి. అనుమానం మిగిలితేనే స్కాన్.

సెలవుల్లో ఇంటికెళ్తే పెద్దవాళ్ల నడక చూడండి. ఒక చెయ్యి ఊగకపోయినా, సంతకం చిన్నదైపోతున్నా డాక్టరుకు చెప్పండి.