కుళాయి వెనక పంచాయతీ

ఊళ్లో పంచాయతీ ఎన్నికలొస్తే నెల రోజులు తిరునాళ్లే. గోడల మీద గుర్తులు, వీధివీధికీ మైకులు, ఓటు వేయడానికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ బస్సులెక్కి వచ్చే పిల్లలు. గెలిచినవారి మెడలో దండలు పడ్డ మర్నాటి నుంచి ఐదేళ్లపాటు సాగే పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మోటారు ఆడింది, చెత్త ట్రాక్టరు వచ్చింది, వీధి దీపం వెలిగింది, పుట్టిన బిడ్డ వివరాలు రిజిస్టరులో ఎక్కాయి. వీటిని ఎవరూ వార్త అనరు. అవి ఆగిపోయిన రోజున ఊరంతా గుర్తిస్తుంది.

మంచినీళ్లనే తీసుకుందాం. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లను ఊరి ట్యాంకు దాకా తెచ్చి ఇస్తుంది. అక్కడి నుంచి ఇంటి కుళాయి దాకా బాధ్యత పంచాయతీది. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్లు ఇప్పటికీ సొంత బోర్ల మీదో, నాలుగైదు ఊళ్లకు కలిపి కట్టిన రక్షిత మంచినీటి పథకం మీదో ఆధారపడి ఉన్నాయి. నీరు ఎక్కడి నుంచి వచ్చినా, తెల్లవారకముందే లేచి వాల్వులు తిప్పాల్సిన మనిషి ఒకడుంటాడు. మిట్ట మీదున్న వీధికి ముందు వదలాలా, పల్లంలో ఉన్న వీధికి ముందు వదలాలా అన్నది అతనికి తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. పల్లానికి ముందు వదిలితే మిట్టకు నీళ్లెక్కవు. మిట్ట వీధిలో నీళ్లు రాలేదంటే ఆ పూట తిట్లన్నీ అతనికే.

నీళ్లు వదలడంతోనే పని అయిపోదు. బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి పేరుకునేదాకా ఆగి, పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. అది నీళ్లలో కలిసి పనిచేయడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ తర్వాత ఊరి చివర కుళాయి దగ్గర పరీక్షిస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలి ఉండాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తేలుతుంది. ఆ రంగు తేలని రోజున ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలవడానికి అవకాశం ఉన్నట్టే. ఒక ఊరి ఆరోగ్యం ఆ రంగు మీద ఆధారపడి ఉందంటే అందులో అతిశయోక్తి లేదు. ఆ పరీక్ష చేసే వ్యక్తికి ఇచ్చే జీతం ఎంతో, అది నెలనెలా అందుతోందో లేదో ఊరివాళ్లలో ఎందరికి తెలుసు?

ఎండాకాలంలో ఒక రాత్రి మోటారు కాలిపోయిందనుకోండి. మర్నాడు పొద్దుటికల్లా నీళ్లు రావాలి. బోరులోంచి మోటారు పైకి లాగడానికి మనుషులు కావాలి, వైండింగు చేయించాలి, పైపు దెబ్బతిని ఉంటే అదీ మార్చాలి. ఈ డబ్బు ఆ రాత్రికి ఎవరి జేబులోంచి రావాలి? చాలా ఊళ్లలో సర్పంచి జేబులోంచో, కార్యదర్శి జేబులోంచో వస్తుంది. లేదంటే మెకానిక్కు అప్పు చేసి పెడతాడు. పని అయ్యాక తీర్మానం రాయాలి, ఎస్టిమేటు వేయించాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చేయాలి, బిల్లు ఖజానాకు పంపాలి. బిల్లు టోకెను తీసుకుని వరసలో కూర్చుంటుంది. ఖజానాలో చెల్లింపులు బిగిస్తే నెలలు గడుస్తాయి, ఒక్కోసారి పదవీకాలమే ముగిసిపోతుంది. పదవి దిగాక కూడా బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సర్పంచులు తెలంగాణలో ఎందరో ఉన్నారు. ఊరికి నీళ్లిచ్చినందుకు మనిషి అప్పులపాలైతే, ఆ తర్వాత పదవికి నిలబడేవాళ్లు ఎలాంటివాళ్లై ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

దీని మూలం డబ్బులోనే ఉంది. దేశంలోని పంచాయతీల ఆదాయ వ్యయాల మీద రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. పంచాయతీలకు వచ్చే ప్రతి వంద రూపాయల్లో సొంత పన్నుల ద్వారా వచ్చేది ఒక్క రూపాయి మాత్రమేనని అందులో తేలింది. తక్కినదంతా దాదాపుగా కేంద్రం, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లే. ఆ గ్రాంట్లకూ షరతులుంటాయి. పదిహేనో ఆర్థిక సంఘం తన నిధుల్లో 60 శాతాన్ని మంచినీటికీ పారిశుధ్యానికీ కట్టేసింది. ఆ రెండూ అవసరమైనవే, ఆ షరతును తప్పుపట్టడానికి లేదు. కానీ ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ డబ్బే ఆగిపోతుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. దాదాపు ఈ రెండేళ్లూ ప్రత్యేకాధికారుల చేతిలో తమ సొంత ఉద్యోగంతో పాటు ఊళ్ల పాలన కూడా. ఆ కాలంలో బ్లీచింగ్ పౌడరు కొనడానికి కూడా ఎక్కడెక్కడ చేయి చాచారో కార్యదర్శులను అడిగితే చెబుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో మరో రకం కథ. ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాలో పడ్డాక, వాటిని పాత కరెంటు బిల్లుల బకాయిలకు సర్దేశారని 2021-22 ప్రాంతంలో సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. కరెంటు బిల్లు కట్టాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, ముందు మురుగు కాలువ తవ్వించాలా బిల్లు తీర్చాలా అన్న నిర్ణయం ఊరి పాలకవర్గానిది. అది వాళ్లకు తెలియకుండా పై నుంచి జరిగిపోతే పంచాయతీ అనే సంస్థకు మిగిలేది బోర్డు ఒక్కటే.

ఇక్కడ ఊరివాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఇంటి పన్ను అంటే మార్చి నెలాఖరులో కార్యదర్శి, బిల్ కలెక్టరు గుమ్మం ముందు నిలబడితే తప్ప గుర్తుకు రాని బాకీ అయిపోయింది. కరెంటు మీటరుకో, బ్యాంకు లోనుకో రశీదు అవసరమైనప్పుడు మాత్రం పాత బకాయితో సహా ఒక్క రోజులో కట్టేస్తారు. పన్ను పెంచితే ఓట్లు పోతాయని పాలకవర్గాలు డిమాండు రిజిస్టరు జోలికి పోవు. పెంకుటిల్లు పోయి రెండంతస్తుల డాబా వచ్చినా రిజిస్టరులో పెంకుటిల్లే ఉంటుంది. ఊరి డబ్బు ఊరికి లేకపోతే పై వాడి దయే గతి. వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి పేరు దేశమంతా తెలియడానికి కారణాలు వెతికితే మొదట కనిపించేది ఊరి పనిని ఊరే భుజానికెత్తుకోవడం. అక్కడ ఊరివాళ్లు నీటికో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ అని పనులు పంచుకున్నారు. పన్ను కట్టడాన్ని పరువుగా భావించారు. ఆ ఊరికి ప్రకృతి ప్రత్యేకంగా ఇచ్చిందేమీ లేదు.

పంచాయతీ చేసే పనుల్లో అతి నిశ్శబ్దంగా సాగేది జనన మరణాల నమోదు. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుక గానీ చావు గానీ 21 రోజుల్లో నమోదు కావాలి. ఏడాది దాటిందంటే ఆర్డీవో దాకా వెళ్లాల్సి వస్తుంది. మన పల్లెల్లో పేరు పెట్టడానికి బారసాల దాకానో, తాతమ్మ వచ్చేదాకానో ఆగుతారు కాబట్టి నమోదు చేసే రోజుకు పేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఏడాదిలోగా వచ్చి చెబితే రుసుము లేకుండానే పేరు రాస్తారు. రావాలని ఎవరికీ గుర్తుండదు. పిల్ల అయిదో ఏట బడిలో చేరేటప్పుడు పరుగులు మొదలవుతాయి. 2023లో చేసిన సవరణ తర్వాత ఇది మరింత ముఖ్యమైన సంగతి అయింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ, పాస్‌పోర్టుకూ, ఓటుకూ, ఉద్యోగానికీ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. రేపెప్పుడో ఒక అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు, ఇవాళ ఊరి కార్యదర్శి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు రాశాడా లేదా అన్నది ఆమెకు పెద్ద సమస్యే అవుతుంది. దీన్ని శ్రద్ధగా చూసే కార్యదర్శికి శాలువా కప్పినవారిని ఎక్కడా చూడలేదు.

ఆ కార్యదర్శి రోజు ఎలా గడుస్తుందో కూడా చూడాలి. పొద్దున్నే వీధుల్లో తిరిగి చెత్త ఎత్తిన ఫోటోలు యాప్‌లో పెట్టాలి. నర్సరీలో మొక్కలు లెక్కపెట్టాలి. తెలంగాణ 2018 చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పి, బతక్కపోతే బాధ్యత కార్యదర్శి మీదా సర్పంచి మీదా పెట్టింది. పది గంటలకు మండలంలో టెలికాన్ఫరెన్సు. మధ్యాహ్నం ఏదో సర్వే. సాయంత్రం ఈ-గ్రామస్వరాజ్‌లో ఎంట్రీలు, సర్వరు మొరాయిస్తే రాత్రి పొద్దుపోయేదాకా. ఈ మధ్యలో పింఛను రాలేదని ఒక అవ్వ, కాలువ పొంగిందని ఒక ఇంటాయన, పక్కవాడు గోడ ముందుకు జరిపాడని మరొకాయన. లెక్కలు ఉండాల్సిందే. ఫోటో అడగడం మొదలయ్యాక చెత్త బండ్లు క్రమంగా తిరిగాయన్నదీ నిజమే. కానీ ఒక ఉద్యోగి రోజులో సగం పైవాళ్లకు చూపించడానికే పోతే, ఊరివాళ్లు చెప్పేది వినడానికి మిగిలే పొద్దు ఎంత? నివేదికల్లో సగం తగ్గించి ఆ సమయాన్ని ఊరికి తిరిగి ఇస్తే ఖజానా మీద ఒక్క పైసా భారం పడదు.

పంచాయతీ పైన మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ఉన్నాయి. 1959లో షాద్‌నగర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌కు దీపం వెలిగించినప్పుడు, రాజస్థాన్ తర్వాత ఆ బాట పట్టిన రాష్ట్రం మనదే. 1985లో తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాక ఆఫీసు ఊరికి దగ్గరైంది. నాడు ఇరవై ముప్పై మైళ్లు వెళ్లాల్సిన పని ఒక పూటలో తెమిలేలా అయింది. మన ఊళ్లలో చదువుకున్న రెండు మూడు తరాలవారికి బడి అంటే గేటు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అన్న అక్షరాలే. ఇప్పుడు మధ్య అంచె అయిన మండల పరిషత్తు ఎండిపోతోంది. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి ఐదేళ్లపాటు నిధులన్నీ గ్రామ పంచాయతీలకే ఇచ్చి మండల, జిల్లా పరిషత్తులను వదిలేసింది. పదిహేనో సంఘం మళ్లీ మూడు అంచెలకూ వాటా పెట్టింది. ఆ ఐదేళ్లలో అలవాటైన నిస్తేజం మాత్రం ఇంకా వదల్లేదు. సర్వసభ్య సమావేశంలో ఎంపీటీసీ సభ్యులు అడిగేది వినడానికి శాఖాధికారులు రారు, మహా అయితే కింది ఉద్యోగిని పంపుతారు. రెండు ఊళ్ల మధ్య రోడ్డు, నాలుగు ఊళ్లకు కలిపి పశువుల ఆసుపత్రి లాంటివి ఏ ఒక్క ఊరూ చేసుకోలేని పనులు. వాటిని చూసుకోవాల్సిన సంస్థ మండల పరిషత్తే. దానికి ప్రాణం పోయకుండా పంచాయతీలను మాత్రమే బాగుచేయాలనుకోవడం కుదిరే పని కాదు.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలను స్థానిక సంస్థలకు అప్పగించవచ్చని పట్టిక రాసిపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో 2013 ఎన్నికల నుంచి సగం సీట్లు మహిళలవి. మొదట్లో భర్తలే కుర్చీలో కూర్చున్న ఊళ్లున్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. అయితే రెండోసారి గెలిచి, డిమాండు రిజిస్టరు తానే తిరగేసి, ఏఈని తానే నిలదీసే సర్పంచమ్మలు కూడా ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తున్నారు. బిందెతో కుళాయి దగ్గర నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకు నీటి పని గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వాళ్లకు కావాల్సిందల్లా సకాలంలో బిల్లు, చేతిలో కాస్త నిధి, పెత్తనం చేయని మొగుడు, వినే అధికారి.

ప్రభుత్వాలు చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఎన్నికలు గడువుకు జరపాలి. పంచాయతీ డబ్బును పంచాయతీ తీర్మానం లేకుండా ముట్టుకోకూడదు. మోటారు మరమ్మతు లాంటి అత్యవసర పనుల బిల్లులను ఖజానా వరసలోంచి తప్పించి వెంటనే చెల్లించాలి. నీళ్లు వదిలే మనిషికీ, చెత్త ఎత్తే మనిషికీ జీతం ఆగకూడదు. ఈ చివరిదానికి సాకులు చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఈసారి మీ ఊళ్లో చాటింపు వేసినప్పుడు వెళ్లండి. సంతకం పెట్టి వచ్చేయకండి, జమాఖర్చులు చదివేదాకా కూర్చోండి. ఊరి చివర కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి. ట్యాంకు ఎప్పుడు కడిగారో, సఫాయి కార్మికులకు ఎన్ని నెలల జీతం బాకీ ఉందో అడగండి. అడిగే ముందు మీ ఇంటి పన్ను కట్టి రశీదు జేబులో పెట్టుకుని వెళ్లండి.