సమన్వయకర్త పనిభారాన్ని కొలిచేదెవరు?

కొత్త మందును మనుషులపై పరీక్షించే అధ్యయనాన్ని క్లినికల్ ట్రయల్ అంటాము. అందులో చేరిన రోగి వైద్యుని పర్యవేక్షణలోనే ఉంటాడు. కాని అతడు వచ్చినప్పుడెల్లా పలకరించేది, సందేహం కలిగితే ఫోన్‌లో జవాబు చెప్పేది చాలావరకు సమన్వయకర్త, అనగా స్టడీ కోఆర్డినేటర్. ఈ ఉద్యోగి నైపుణ్యాన్నీ, పనిభారాన్నీ కొలవకుండా రోగి భద్రతను గురించి మాట్లాడడం వృథా అని నా అభిప్రాయం.

వారి పనులేమిటో చూడండి. అంగీకార పత్రంలోని అంశాలను రోగికి అర్థమయ్యే తెలుగులో వివరించడంలో వైద్యునికి తోడ్పడాలి. నిర్ణీత తేదీలకు రోగిని రప్పించాలి. రక్త నమూనాలను వేళ తప్పకుండా ప్రయోగశాలకు పంపాలి. మందులున్న ఫ్రిజ్ ఉష్ణోగ్రతను నమోదు చేయాలి. మిగిలిన మాత్రలను లెక్కించాలి. ప్రతి వివరాన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి. రోగి ఆసుపత్రి పాలైతే, 2019 నాటి నిబంధనల ప్రకారం ఆ సంగతి 24 గంటలలోగా కేంద్ర ఔషధ నియంత్రణ అధికారికి, ప్రాయోజక సంస్థకు, నైతిక సమితికి తెలియాలి. తెలియజేయవలసిన బాధ్యత పరిశోధక వైద్యునిదే. కాని కబురు తరచుగా మొదట చేరేది సమన్వయకర్తకే.

పదవీ విరమణానంతరం నేనొక నైతిక సమితిలో సభ్యునిగా ఉన్నప్పుడు, అటువంటి నివేదిక మూడు రోజులు ఆలస్యంగా అందింది. కారణం సమన్వయకర్త నిర్లక్ష్యమన్నారు. ఆమెను పిలిచి అడిగితే, ఆమె చేతిలో ఐదు అధ్యయనాలున్నాయని, ఆ రోజంతా మరొకదాని తనిఖీలో కూర్చున్నదని తెలిసింది. రోగి భార్య రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తేవారు లేకపోయారు. రోగి కోలుకోవడం మా అదృష్టం.

అధ్యయనాల సంఖ్యను బట్టి భారం తెలియదు. ఒక ప్రశ్నావళిని నింపించడమూ, తొలిదశ క్యాన్సర్ మందు పరీక్షా ఒకటి కావు. కెనడాలోని అంటారియోలో రూపొందించిన ఓపాల్ అనే కొలమానం ప్రతి అధ్యయనానికి దాని క్లిష్టతను బట్టి 1 నుండి 8 వరకు స్థాయి నిర్ణయిస్తుంది. దానిని రోగుల సంఖ్యతో గుణిస్తే పని ఎంతో తేలుతుంది. ఇటువంటి లెక్క మన ఆసుపత్రులలోనూ వేయవచ్చు.

నైపుణ్యానికి శిక్షణ ధ్రువపత్రం ఒక్కటే కొలత కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో, అనేక అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహ వార్డెన్లు సంతకాలు చేశారని తరువాత విచారణలో తేలింది. కనుక సంతకం ఉన్నదా అని చూస్తే చాలదు. సమన్వయకర్త వివరిస్తున్నప్పుడు అనుభవజ్ఞులొకరు పక్కన కూర్చొని గమనించాలి. ఆపైన రోగి తాను విన్నదానిని తన మాటలలో చెప్పగలడేమో చూడాలి.

సిబ్బందిని పెంచితే ఖర్చు పెరుగుతుందంటారు. నిజమే. ఆ ఖర్చును ప్రాయోజక సంస్థతో చేసుకునే ఒప్పందంలోనే చేర్చాలి. కొత్త అధ్యయనాన్ని అనుమతించే ముందు నైతిక సమితి కూడా సమన్వయకర్త వద్ద ఇప్పటికే ఎంత పని ఉన్నదో అడగాలి.

మీరుగాని, మీవారుగాని ట్రయల్‌లో చేరవలసివస్తే మూడు ప్రశ్నలు అడగండి. మా సమన్వయకర్త ఎవరు? వారు ఎందరు రోగులను చూస్తున్నారు? వారు లేని వేళ, అర్ధరాత్రి అయినా, మేము ఎవరికి ఫోన్ చేయాలి? మూడవదానికి సూటిగా జవాబు రాకపోతే సంతకం చేయడానికి తొందరపడకండి.