గడియారపు గుమాస్తా

తెలుగు మేష్టర్ని వ్యాపార విషయాల్లో సలహా అడిగేవాళ్ళు లోకంలో ఉండరు. ఉన్నారంటే వాళ్ళకేదో పెద్ద చిక్కే వచ్చిందన్నమాట. అందుచేత మొన్న బెజవాడ నుంచి మా బావమరిది ఫోను చేసి, "బావగారూ, ఒక్క పూట వచ్చి వెళ్ళండి, ఇంట్లో ఒక తగువు తీర్చాలి" అన్నప్పుడు నాకు గుండె దడదడలాడింది. మా ఆవిడ మాత్రం సంతోషించింది. తమ్ముడికి ఆవకాయ జాడీ పంపడానికి మనిషి దొరికాడు గదా!

మా బావమరిదిది మందుల హోల్‌సేల్ వ్యాపారం. బెజవాడలో పెద్ద గోడౌను, ఏలూరులోనూ రాజమండ్రిలోనూ చిన్నవి రెండు. పగలంతా లారీలు, రాత్రంతా లెక్కలు. ఒకప్పుడు ఆ లెక్కలన్నీ పెద్ద గుమాస్తాగారు ఒక్కరే చూసేవారు. మూడేళ్ళ కిందట ఒక కుర్రవాడు వచ్చి ఆ పనులన్నీ కంప్యూటరుకు అప్పగించి వెళ్ళాడు. రాత్రి 11 గంటలకు రెండు ఊళ్ళ నుంచీ స్టాకు లెక్క తెచ్చుకోవాలి. 12 గంటలకు ఏ మందు తక్కువైందో చూసి కంపెనీలకు ఆర్డరు పంపాలి. ఒంటిగంటకు బ్యాంకులో పడ్డ డబ్బూ, పుస్తకంలో ఉన్న బాకీలూ సరిచూడాలి. రెండింటికి గడువు దగ్గరపడ్డ మందుల జాబితా తియ్యాలి. ఇలా మొత్తం 26 పనులు. మనిషి నిద్రపోతాడు, గడియారం కొడుతుంది, పని జరిగిపోతుంది.

కిందటి నెలలో ఒక రాత్రి రాజమండ్రిలో ఇంటర్నెట్టు పోయింది. పదకొండుకు రావలసిన లెక్క రాలేదు. పన్నెండయింది. కంప్యూటరు రాజమండ్రి గడిలోకి చూసింది. అందులో ఏమీ లేదు. ఏమీ లేదంటే సున్నా అనుకుంది. సున్నా అంటే సరుకంతా అయిపోయిందనుకుంది. అన్నీ తెప్పించింది!

మూడోనాటికి లారీ దిగింది. అందులో ఇన్సులిన్ ఉంది. అది 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఉన్న ఫ్రిజ్‌లు నిండిపోయాయి. మిగిలిన సరుకు పాడైంది. నష్టం 3 లక్షల 80 వేలు.

ఇక పూచీ ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. కంప్యూటర్ని తిట్టి లాభం లేదు. ఆ కుర్రవాడు బెంగుళూరు వెళ్ళిపోయాడు. చివరికి తప్పు వచ్చి 22 ఏళ్ళుగా కొలువు చేస్తున్న పెద్ద గుమాస్తాగారి నెత్తిన పడింది. "పొద్దున్నే ఆర్డరు కాగితం చూడవలసింది మీరే గదా!" అన్నాడట మా బావమరిది, నలుగురిలో. ఆయన పెదవి విప్పలేదు. మర్నాడు రాజీనామా కాగితం తెచ్చి బల్లమీద పెట్టారు.

అదీ తగువు. ఆ కాగితం పుచ్చుకుని, ఒక పెద్ద సాఫ్టువేరు కొని పారేద్దామని తండ్రి. వల్లకాదని కూతురు. మా మేనకోడలు హైదరాబాదులో ఇలాంటి పనుల్లోనే ఉద్యోగం చేస్తోంది. సెలవు పెట్టి మరీ వచ్చింది.

నేను వెళ్ళేసరికి బల్లమీద రెండు రంగురంగుల పుస్తకాలు, వాటి పక్కనే ఆ రాజీనామా కాగితం ఉన్నాయి.

"ముందు ఇప్పుడున్నదేమిటో చెప్పు తల్లీ" అన్నాను.

"దీన్ని క్రాన్ అంటారు మావయ్యా. యూనిక్స్ యంత్రాల్లో 1970ల నుంచీ ఉంది. డబ్బు పెట్టి కొననక్కర్లేదు. అయిదు గడులుంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. అవి కలిసినప్పుడు పని మొదలెడుతుంది."

"అయితే పంచాంగమే గదా!" అన్నాను. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. మనకూ అయిదే.

"పంచాంగమే. కాని తిథీ వారమూ రెండూ కలవాలంటే దీనికి అర్థం కాదు. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు గదా. రెండో శనివారం పట్టుకుందామని 8 నుంచి 14 దాకా తేదీలు, శనివారమూ రాశామనుకో. ఆ ఏడు రోజులూ నడుస్తుంది, ప్రతి శనివారమూ నడుస్తుంది. తేదీ గడీ, వారం గడీ రెండూ నింపితే ఏ ఒక్కటి కలిసినా చాలనుకుంటుంది. అంతకంటె పెద్ద లోపం, పదకొండు గంటల పని అయిందా లేదా అని పన్నెండు గంటల పనికి తెలియదు. దానికి గడియారం ఒక్కటే తెలుసు."

అప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎందుకంటే ఇది వ్యాపారం కాదు, వ్యాకరణం. మా ఇంట్లో మా ఆవిడ పదకొండు గంటలకు ఎసరు, పదకొండుంబావుకు బియ్యం అని గడియారం చూసి వండదు. ఎసరు మరిగితే బియ్యం వేస్తుంది. గ్యాసు అయిపోయిన రోజున చన్నీళ్ళలో బియ్యం పోసి, పన్నెండయింది గదా అని వడ్డించదు.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేసే నాటికి కంప్యూటరు లేదు గాని, దానికి కావలసిన క్రియలన్నీ మన భాషలో అప్పటికే ఉన్నాయి. 'స్టాకు తెచ్చి ఆర్డరు రాయి' అంటే క్త్వార్థకం, ఒకటి ముగిశాకే రెండోది. 'వస్తే రాయి' అంటే చేదర్థకం, రాకపోతే ఆగు. 'ఏలూరు లెక్క తెస్తూ రాజమండ్రి లెక్క కూడా తే' అంటే శత్రర్థకం, రెండూ ఏకకాలంలో. 'వచ్చినా రాకపోయినా యజమానికి కబురు పంపు' అంటే అప్యర్థకం. 'పన్నెండింటికి రాయి' అన్నది ఒక్కటే నేర్చిన గుమాస్తా చేతికి మూడు ఊళ్ళ వ్యాపారం అప్పగిస్తే ఏమవుతుంది?

"నువ్వు చెప్పిన నాలుగూ చేసేవాటినే వర్క్‌లోడ్ ఆటోమేషన్ సాధనాలంటారు మావయ్యా" అని నవ్వింది పిల్ల. "నాన్న కొంటానంటున్నది కంట్రోల్-ఎం. ఆటోసిస్ లాంటివి ఇంకా ఉన్నాయి. బ్యాంకులూ బీమా కంపెనీలూ రోజుకు వేలకొద్దీ పనులు వీటితోనే నడుపుకుంటాయి. సెలవుల క్యాలెండర్లు అందులోనే ఉంటాయి. ఎవరు ఏం మార్చారో చిట్టా ఉంటుంది. అడ్డం వస్తే పిలవడానికి కంపెనీ ఉంటుంది. కాని మనవి 26 పనులు. పెళ్ళికి తెచ్చే గుండిగలో ఇద్దరికి కాఫీ కాచినట్టుంటుంది."

"రెండోది?"

"అపాచీ ఎయిర్‌ఫ్లో. 2014లో ఎయిర్‌బీఎన్‌బీ అనే కంపెనీలో పుట్టింది. లైసెన్సు రుసుం లేదు. ఏ పని తరవాత ఏ పనో పైథాన్ భాషలో రాసిస్తే పటం గీసి చూపిస్తుంది. అయిన పని ఆకుపచ్చ, తప్పిన పని ఎరుపు, దాని మూలాన ఆగిపోయిన పని నారింజ రంగు."

"ఊరికే వస్తే ఇంకేం?" అన్నాడు మా బావమరిది.

"ఊరికే వచ్చేది సాఫ్టువేరు నాన్నా, మనిషి కాదు. దానికి వేరే లినక్సు యంత్రం పెట్టాలి. బ్యాంకు సెలవులు మనమే రాసుకోవాలి. పైథాన్ తెలిసినవాడు ఊళ్ళో ఉండాలి. నేను హైదరాబాదులో ఉంటాను. ఆ ఖర్చు కూడా కలుపుకుని రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడు."

బాగా చెప్పిందనిపించింది. అక్కడే కూచుని ఇద్దరం కలిసి, ఏది కొన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగు రాశాం. మీలో ఎవరికైనా పనికిరావచ్చు.

ఒకటి: గడియారాన్నేనా, ముందు పని ముగిసిందా, ఫైలు వచ్చిందా అన్నది కూడా చూస్తుందా? రెండు: తప్పితే మళ్ళీ ఎన్నిసార్లు ప్రయత్నిస్తుంది, ఏ పనుల్ని ఆపుతుంది, ఎవర్ని నిద్రలేపుతుంది? మూడు: మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి మొదలెట్టవచ్చునా, అయిన పనిని రెండోసారి చేసి కొంప ముంచుతుందా? ఒకే ఇన్‌వాయిసు రెండుసార్లు పంపితే ప్రభుత్వ పోర్టల్ డూప్లికేటని తిప్పికొడుతుంది. ఒకే ఆర్డరు రెండుసార్లు వెళితే కంపెనీవాడు తిప్పికొట్టడు సరిగదా, సంతోషంగా లారీ ఎక్కిస్తాడు. నాలుగు: ఈ సాధనమే పడిపోతే ఏం చెయ్యాలి?

నాలుగోది వేళాకోళం కాదు. 2012 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ బృందం ఇలాంటి సాధనాన్నే కొత్త రూపానికి మార్చింది. తేడా కనబడగానే పాతదానికి తిరిగి వచ్చింది. ఆ రెంటికీ పొసగలేదు. రాత్రి జరగవలసిన లెక్కలు జరగక, ఆ దేశంలోనే 65 లక్షలమంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. జీతాలు జమకాలేదు, వాయిదాలు కట్టలేకపోయారు. 2014 నవంబరులో నియంత్రణ సంస్థలు రెండూ కలిసి 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జుల్మానా వేశాయి. పెద్దది కొన్నంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోవచ్చునని లేదు.

"సరే, ఏ పని దేనిమీద ఆధారపడుతుందో ముందు ఆ జాబితా కావాలి. ఎవరిస్తారు?" అంది పిల్ల.

తండ్రి నా వంక చూశాడు. నేను గుమ్మం వంక చూశాను. పెద్ద గుమాస్తాగారు తాళాలు అప్పగించడానికి వచ్చి అక్కడే నిలబడి ఉన్నారు.

"రాజమండ్రి లెక్క రాకుండా నేను ఏనాడూ ఇండెంటు రాయలేదండి మేష్టారూ" అన్నారు మెల్లిగా. "ఫోను చేసేవాణ్ణి. దొరక్కపోతే నిన్నటి లెక్కమీద చలిమందులు మాత్రం సగానికి సగం తగ్గించి రాసేవాణ్ణి. ఆ కుర్రవాడు ఎన్నింటికి చేస్తారని అడిగాడు గాని, ఎప్పుడు చెయ్యరని అడగలేదు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా బావమరిది లేచి, తన కుర్చీ ఆయనవైపు జరిపి, "కూచోండి" అన్నాడు. 22 ఏళ్ళలో ఆయన ఆ కుర్చీలో కూచోవడం అదే మొదటిసారిట.

పిల్ల కలం ఇచ్చింది. ఆయన చేతికందిన కాగితం తిప్పి రాయడం మొదలుపెట్టారు. ఏది అయితే ఏది, ఏది రాకపోతే ఏది ఆపాలి, ఏది వచ్చినా రాకపోయినా జరగాలి. గంటన్నర పట్టింది. కుర్రవాడి లెక్కలో 26 పనులు. ఈయన జాబితాలో 31 తేలాయి. ఆ అయిదూ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఆయన పొద్దున్నే వచ్చి చేతితో సరిచేస్తున్నవి.

చివరికి ఎయిర్‌ఫ్లోకే మొగ్గారు. ఊళ్ళోనే ఉన్న ఒక పైథాన్ కుర్రవాడికి ఏడాదికింత అని ఒప్పందం రాశారు. నెలాఖరు కూడా కలిసేటట్టు నెలరోజులు కొత్తదాన్ని ఉత్తుత్తిగా నడిపారు. ఆర్డర్లు కంపెనీలకు వెళ్ళకుండా కాగితం మీదే ఆగేవి. ఒక రాత్రి కావాలనే రాజమండ్రిలో ఇంటర్నెట్టు తీగ పీకించింది మా మేనకోడలు. కొత్త సాధనం మూడుసార్లు ప్రయత్నించి, ఆర్డరు పనిని నారింజ రంగులో ఆపేసి, 11 గంటల 40 నిమిషాలకు ఒక ఫోనుకు కబురు పంపింది. ఎవరి ఫోనుకో చెప్పనక్కర్లేదు గదా. రాత్రిపూట నిద్ర చెడగొడుతున్నందుకు జీతంలో కొంత కలిపారు కూడాను.

ఇంతకీ రాజీనామా సంగతి. మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగాను. ఆ జాబితా రాసిన కాగితం వెనకవైపే అది ఉందిట. ఇప్పుడది ఆఫీసు గోడకు అంటించి ఉంది, రాజీనామా వైపు గోడకు, జాబితా వైపు మనుషులకు. తీసి పుచ్చుకుందామంటే వ్యాపారం ఆగిపోతుంది.